ఇంపోజిషన్ గారికి బహిరంగ లేఖ

శ్రీయుత ఇంపోజిషన్ గారికి,

ఉభయ కుశలోపరి. మీరు కులాసాగానే ఉన్నారని మాకు తెలుసు. బెత్తం మూలన పడ్డాక మీకు ఒళ్ళు కూడా చేసింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది కానీ మీ పేరు రాయడం మరిచింది. అదృష్టవంతులు.

విషయానికొస్తాం. నాలుగో తరగతి డిక్టేషన్‌లో ఒకడు ‘పువ్వు’ని ‘వువ్వు’ అని రాశాడు. మీరు రెడీ: అదే మాట యాభై సార్లు రాయాలి. వాడు ఎక్కడ తడబడ్డాడో చూశారా? ప తలకట్టు విడిగా నిలబడుతుంది, వ తలకట్టు ఒంటికి అతుక్కుంటుంది. పైగా కు, ను లకు పక్కన తగిలే కొమ్ము పు, వు ల దగ్గర కాస్త కిందికి దిగుతుంది. లేకపోతే వు కాస్తా మ అయి కూర్చుంటుంది. ఒకే మాటలో ఇన్ని చిక్కులు. బోర్డు మీద రెండూ పక్కపక్కన రాసి చూపిస్తే రెండు నిమిషాల పని.

మీ పద్ధతిలో ఏం జరుగుతుందో మీకూ తెలుసు. వాడు మాటను రాయడు, నిలువు వరసలు రాస్తాడు. ముందు పేజీ పొడుగునా ‘పు’లు దింపేసి, తర్వాత పక్కన ‘వ్వు’లు. ఒక్కసారి కూడా ‘పువ్వు’ అని పైకి చదవడు. పన్నెండో లైను దగ్గర బోర్డు వైపు చూడటం మానేసి తన పై లైనునే దించుకుంటాడు. అక్కడ ఒక ఒత్తు జారితే యాభయ్యో లైను దాకా జారే ఉంటుంది. చివరి పదిహేనూ అక్క దస్తూరీ. మర్నాడు లైన్లు లెక్కపెట్టి, పేజీకి అడ్డంగా ఎర్ర టిక్కు. తప్పు మాత్రం భద్రంగా చేతికి అలవాటైంది.

మాటను చూసి, పైకి చదివి, మూసేసి, రాసి, వెంటనే సరిచూసుకుంటే ఇవాళ మూడు సార్లు, రేపు ఒకసారి, మూడు రోజులాగి ఇంకోసారి చాలు. మొత్తం అయిదు. మూసేయడమే ఇందులో అసలు సంగతి. చూసి దించేటప్పుడు బుర్రకి పని లేదు, మూసినప్పుడే అది వెతుక్కుంటుంది.

లెక్కల్లో మీ సేవలు ఇంకా ఘనం. 52లోంచి 27 తీసేస్తే 35 అన్నవాడు రెండులోంచి ఏడు పోదని ఏడులోంచి రెండు తీశాడు. వాడి ప్రకారం అది న్యాయమే. అదే లెక్క ఇరవై సార్లు వేయిస్తే అదే న్యాయం ఇరవై సార్లు జరుగుతుంది. చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు చేతికివ్వండి. ఏడు తీయాలంటే ఒక కట్ట విప్పక తప్పదు. విప్పిన చేతికి ‘అప్పు తెచ్చుకోవడం’ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

అసలు ముందు ఎవరు ఎక్కడున్నారో తెలియాలి. ఒక కాగితం మీద అక్షరాలు, చిన్న మాటలు, నాలుగు లైన్ల పేరా, చిన్న కథ. ఒక్కొక్కరితో చదివిస్తే పిల్లాడికి అయిదు నిమిషాలు కూడా పట్టదు. పల్లెల్లో పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో కొలిచే అసర్ సర్వే చేసేది ఇదే. మాటల దగ్గర ఆగినవాడు, ఏ తరగతివాడైనా సరే, రోజూ ఒక గంట మాటల దగ్గరే ఆగిన పిల్లల గుంపులో కూర్చోవాలి. 2021లో కేంద్రం నిపుణ్ భారత్ పథకం, 2022లో తెలంగాణ తొలిమెట్టు కార్యక్రమం వచ్చింది చదవడం, రాయడం, లెక్కలు అనే ఈ పునాది కోసమే. కాగితం మీద బాగానే ఉన్నాయి, బడిలో మీరు అడ్డం.

ఇలా కొన్ని నెలలు చెప్పినా అక్షరం నిలవక, నోటితో మాత్రం జవాబులు టకటకా చెప్పేవాళ్ళు కొందరుంటారు. అది అభ్యసన వైకల్యం కావచ్చు, పరీక్ష చేయించాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అదొకటి. వాళ్ళకి ప్రశ్న చదివి వినిపించాలి, టైము ఎక్కువివ్వాలి. మీరేమో వాళ్ళ ఆటల పీరియడ్ తినేస్తారు.

మాస్టార్ల మీద మాకు కోపం లేదండీ. ఇద్దరు టీచర్లు అయిదు తరగతులు నడిపే చోట, ఒక తరగతికి మిమ్మల్ని అప్పజెప్పి ఇంకో తరగతికి పాఠం చెబుతారు. మీ అసలు ఉద్యోగం చదువు కాదు, కాపలా. ఇద్దరిద్దరిని జతచేసి, ఒకరు మాట చీటీ చదువుతుంటే ఇంకొకరు రాసేలా కూర్చోబెడితే ఆ కాపలా కూడా తీరుతుంది. కాస్త గోల ఉంటుంది, అంతే.

ఇట్లు,
నోటు పుస్తకాలు దిద్దేవాళ్ళం

తా.క.: పుల్లలకి రబ్బరు బ్యాండ్లు కావాలి. మీరు నెలకి తినే ఒక లాంగ్ నోట్‌బుక్ ఖరీదులో వచ్చేస్తాయి. చీపురు బడిలో ఎలాగూ ఉంది.