ఫినాఫ్తలీన్ గారికి బహిరంగ లేఖ

అయ్యా ఫినాఫ్తలీన్ గారూ,

నమస్కారం. ఆమ్లానికీ క్షారానికీ రాజీ కుదర్చాలంటే, రంగు మార్చి సంగతి చెప్పే సూచికల్లో ముందు గుర్తొచ్చే పెద్దమనిషి మీరే. ఫ్లాస్కులో రెండు చుక్కలు వేస్తే చాలు, తీర్పు మీది. మీరు లేత గులాబీకి తిరగ్గానే బ్యూరెట్ (ద్రావణాన్ని చుక్కచుక్కగా కొలిచి వదిలే గాజు గొట్టం) కట్టేసి, రీడింగ్ రాసుకుని, అందరూ చేతులు దులుపుకుంటారు. 1871లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయర్ తయారుచేసిన సరుకు మీరు. ఆమ్లమో క్షారమో, ఎంత ఘాటో చెప్పే పీహెచ్ అనే కొలబద్దే మీకంటే 38 ఏళ్ళు చిన్నది, 1909లో డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త సోరెన్‌సెన్ చేతిలో పుట్టింది. పెద్దరికాన్ని కాదనను. నిష్పాక్షికత సంగతే కాస్త మాట్లాడుకోవాలి.

25 డిగ్రీల దగ్గర తటస్థం అంటే పీహెచ్ 7; అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. మీరు నోరు విప్పేది ఎప్పుడు? 8.2 దాటాక. అంటే క్షారానిది పైచేయి అయ్యాక గానీ మీ ముఖంలో రంగు రాదు. పీహెచ్ 1 దగ్గర ఎలా ఉంటారో 7 దగ్గరా అలాగే, తెల్లబోయిన నీళ్ళలా. సరిగ్గా రాజీ కుదిరిన క్షణంలో తమరు నిద్రలో ఉంటారన్నమాట.

మరి ఇన్నేళ్ళుగా మీ పరువు ఎలా నిలబడింది? ఒక్కసారి లెక్క చూద్దాం. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 25 మి.లీ. తీసుకుని, అంతే గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్‌ని వదులుతున్నామనుకోండి. 24.95 మి.లీ. పడ్డప్పుడు పీహెచ్ 4. 25.05 పడేసరికి 10. మధ్యలో రాలింది మహా అయితే రెండు చుక్కలు! ఆ దూకుడులో మీ 8.2 ఎక్కడో దారిలో తగులుతుంది. మీరు ఆలస్యంగా లేచినా ఆ ఆలస్యం చుక్కలో పిసరంత, కొలతకి అందదు. సొమ్మొకడిది, సోకొకడిది.

అసలు కష్టపడేది హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్లు. రెండూ కలిసి నీళ్ళవుతాయి, మోలు నీటికి దాదాపు 57 కిలోజౌళ్ళ వేడి వదులుతాయి. ద్రావణాలు కాస్త గాఢంగా ఉంటే ఆ వెచ్చదనం ఫ్లాస్కు పట్టుకున్న చేతికే తెలుస్తుంది. హైడ్రోక్లోరిక్ బదులు నైట్రిక్ పోయండి, సోడియం బదులు పొటాషియం హైడ్రాక్సైడ్ పోయండి, అదే 57. బలమైన జంట ఏదైనా లోపల జరిగే పని ఒక్కటే మరి. సోడియం, క్లోరైడ్‌లు వచ్చినవి వచ్చినట్టే తిరుగుతూ ఉంటాయి. పని చేయకపోయినా, నీళ్ళు ఆవిరయ్యాక ఉప్పుగా బయటపడి సగం పేరు కొట్టేస్తాయి. మీకు తగ్గ స్నేహితులే.

వెనిగర్లో ఉండే బలహీనమైన ఎసిటిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్‌ల కేసులో మాత్రం మీ తీర్పుకి వంక పెట్టలేను. అక్కడ మిగిలే ఎసిటేట్ అయాన్ నీళ్ళ దగ్గర హైడ్రోజన్ లాక్కుంటుంది, లెక్క సరిపోయే చోటే పీహెచ్ 8.7 అవుతుంది. (దీన్ని కూడా తటస్థీకరణ అనే అంటారు. పేరు పెట్టినవాళ్ళకి విడిగా ఇంకో లేఖ రాయాలి.)

బలహీన క్షారమైన అమోనియా దగ్గరే మీ బండారం బయటపడుతుంది. దాంట్లోకి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వదులుతూ పోతే లెక్క తేలేది పీహెచ్ 5.3 ప్రాంతంలో. మీరేమో 10 దగ్గర మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా వెలిసిపోతూ, 8.2కే "అయిపోయింది, ఇళ్ళకి వెళ్ళండి" అంటారు. ఇంకా అమోనియా మిగిలే ఉంది మహాప్రభో! పైగా ఏ చుక్కకి రంగు పోయిందో చెప్పమంటే ఎవరికీ తెలీదు.

ఇక మాట మీద నిలబడటం అంటారా, అదీ లేదు. సరిగ్గా గులాబీ తిరిగిన ఫ్లాస్కుని అలా పక్కన పెడితే, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి కాసేపటికి మీ రంగు మాయం. అందుకే అర నిమిషం నిలిస్తే చాలని మీతో సర్దుకుపోతున్నాం. పోనీ క్షారం పక్షమేనా అంటే, అది మరీ గాఢమైతే అక్కడా తెల్లబోతారు. కొన్నాళ్ళు విరేచనాల మందుగానూ వెలగబెట్టారు. జంతువుల మీద పరీక్షల్లో క్యాన్సర్ అనుమానాలు రావడంతో 1999లో అమెరికాలో ఆ ఉద్యోగం ఊడింది.

జవాబు కోసం ఎదురుచూడను. తమరు నీళ్ళలో సరిగ్గా కరగరు, ఆల్కహాల్ పోస్తే గానీ కదలరు. ఈ లోగా అమోనియా ఫైలుని మరో సూచిక మిథైల్ రెడ్ గారికి బదిలీ చేస్తున్నాం. ఆయన డ్యూటీ పీహెచ్ 4.4 నుంచి 6.2 వరకు.

ఇట్లు,
బ్యూరెట్ పట్టుకుని నిలబడ్డవాడు