సంఘానికి లెక్క చెప్పాల్సిన పీఠాలు

క్రైస్తవ సంఘాల్లో ఆస్తుల మీదనో ఎన్నికల మీదనో తగాదా తలెత్తిన ప్రతిసారీ అధికారంలో ఉన్నవారి వైపు నుంచి రెండు మాటలు వినబడతాయి. పీఠం, అంటే బిషప్ పదవి, దైవదత్తమైనది కనుక దాన్ని ప్రశ్నించడం అవిధేయత అన్నది మొదటిది. సంఘం వ్యవహారాల్లో కోర్టులకు, పత్రికలకు ఏం పని అన్నది రెండోది. ఏ ఒక్క డయాసిస్‌నో (ఒక బిషప్ పరిధిలోని ప్రాంతం) వేలెత్తి చూపడం మా ఉద్దేశం కాదు. అయితే వరంగల్ నుంచి నిజామాబాద్ దాకా ఉన్న చర్చిల చరిత్రతో గానీ, ఆ చర్చిలు తమకు తాము రాసుకున్న చట్టాలతో గానీ ఈ రెండు వాదనలూ పొసగవని చెప్పక తప్పదు.

నేటి మహబూబాబాద్ జిల్లాలోని దోర్నకల్ జంక్షన్ నాడు నిజాం రాజ్యంలో ఓ చిన్న రైల్వే కూడలి. తిరునల్వేలి క్రైస్తవులు 1903లో స్థాపించుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ తరఫున అక్కడికి వచ్చిన వి.ఎస్. అజరయ్య, 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఇంగ్లండ్ చర్చి సంప్రదాయాన్ని అనుసరించే ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవిని అందుకున్న తొలి భారతీయుడు ఆయనే. అది ఎవరూ పళ్లెంలో పెట్టి ఇచ్చింది కాదు. భారతీయుడి అజమాయిషీలో పనిచేయడమా అని ఎందరో ఆంగ్ల మిషనరీలు ముఖం చిట్లించారు, స్వదేశీ క్రైస్తవుల్లోనూ కొందరు వ్యతిరేకించారు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టి ఉండకపోతే ఆ అభిషేకం అప్పట్లో జరిగేది కాదేమో. అంతకు రెండేళ్ల ముందే ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో అజరయ్య నిలబడి, విదేశీ మిషనరీల త్యాగాన్ని కొనియాడుతూనే, మాకు కావలసింది స్నేహితులని నిర్మొహమాటంగా చెప్పారు. కూర్చున్న పెద్దల్లో చాలామందికి ఆ మాట మింగుడుపడలేదు. అంటే మన ప్రాంతపు తొలి ఆంగ్లికన్ పీఠం పుట్టుకలోనే పైవారిని నిలదీయడం ఉంది.

ఆ పీఠాన్ని నిలబెట్టినవారు ఎక్కువగా పల్లెల్లోని మాల, మాదిగ కుటుంబాలవారు. అన్నం వండే ముందు తీసిపెట్టిన పిడికెడు బియ్యం ఆదివారం గుడికి చేరేది. ఇవ్వడాన్ని అజరయ్య భక్తిలో భాగంగా నేర్పారు. గుమ్మటాలు, స్తంభాలతో ఈ దేశపు కట్టడ రీతులను కలుపుకొన్న దోర్నకల్ కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరుపుకున్నది. మెదక్ కథా దాదాపు ఇలాంటిదే. కరువు కాలంలో చుట్టుపక్కల గ్రామాల పేదలకు పని, తిండి కల్పిస్తూ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన మహాదేవాలయం 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. నూట డెబ్బై అయిదు అడుగుల గోపురాన్ని చూసి మురిసిపోయేవారు, దానికి రాళ్లెత్తిన కూలీల మునిమనుమలకు నేడు ఆ ఆస్తి లెక్కలు అడిగే హక్కు ఉందో లేదో కూడా ఆలోచించాలి.

హక్కు ఉందనే చర్చి సొంత చట్టం చెబుతోంది. వేర్వేరు ప్రొటెస్టంట్ సంఘాల మధ్య 1919లో తమిళనాడులోని తరంగంబాడిలో మొదలైన ఐక్యతా చర్చలు ముగిసి, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో, నేడు దోర్నకల్, మెదక్ డయాసిస్‌లు ఉన్న చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ) ఏర్పడడానికి 28 ఏళ్లు పట్టింది. అంతకాలం పట్టడానికి పెద్ద కారణం బిషప్ పదవే. ఆంగ్లికన్లకు బిషప్ లేని చర్చి ఊహకందదు. బిషప్‌లు లేకుండానే నడిచే కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘాలకు బిషప్ అంటేనే భయం. చివరకు కుదిరిన రాజీ ఏమిటంటే, అపొస్తలుల కాలం నుంచి వస్తున్న బిషప్ వ్యవస్థను రాజ్యాంగబద్ధమైన రూపంలో స్వీకరించడం. 1945 జనవరి 1న కన్నుమూసిన అజరయ్య ఆ ఐక్యతను చూడలేకపోయారు. డయాసిస్ కౌన్సిల్ ఎన్నుకున్న పేర్ల నుంచి ఒకరిని, చర్చి అత్యున్నత సభ అయిన సినాడ్, బిషప్‌గా నియమించే పద్ధతి ఆ రాజీ ఫలమే. కాబట్టి సీఎస్ఐ బిషప్‌ను నిబంధనల ప్రకారం ప్రశ్నించడం ఆ చర్చి ఏ షరతు మీద పుట్టిందో దాన్ని గుర్తుచేయడమే అవుతుంది. సినాడ్ ఎన్నికల వివాదం మద్రాస్ హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టు దాకా వెళ్లిందంటే, తప్పు తలుపు తట్టినవారిది అనే ముందు లోపల వినే నాథుడు ఎందుకు లేకపోయాడో సంఘ పెద్దలు ఆలోచించుకోవాలి.

కథోలిక సంఘం దారి వేరు. 1952 డిసెంబరులో ఏర్పడిన వరంగల్ మేత్రాసనానికి (కథోలిక డయాసిస్) ఇటలీకి చెందిన అల్ఫోన్సో బెరెట్టా తొలి పీఠాధిపతి. నాటి నుంచి నేటి దాకా పీఠాధిపతుల నియామకం రోమ్ నుంచే జరుగుతోంది, ఎన్నికల ప్రసక్తి లేదు.  పోపు బోధనాధికారం పొరపడదని 1870లో తీర్మానించిన సభ కూడా గుడి పద్దులకు ఆ మినహాయింపు ఇవ్వలేదు. 1983 నాటి కథోలిక ధర్మశాస్త్ర స్మృతి 537వ నిబంధన ప్రతి విచారణలోనూ (ఒక గురువు కింది స్థానిక సంఘం, పారిష్) ఆర్థిక సలహా సంఘం ఉండి తీరాలంటోంది. విశ్వాసులిచ్చిన కానుకలకు విశ్వాసులకే లెక్క అప్పజెప్పాలని 1287వ నిబంధన చెబుతోంది. 2023లో రోమ్‌లో జరిగిన కథోలిక బిషప్‌ల సినాడ్ సమావేశంలో మహిళలకు తొలిసారి ఓటు దక్కింది. అక్కడ కదిలిన రాయి ఇక్కడి విచారణల్లో ఎంత మేరకు కదిలిందన్నది అడగదగిన ప్రశ్నే.

బాప్టిస్టుల్లో సిద్ధాంతరీత్యా బిషప్పే ఉండడు, ఏ సంఘానికి ఆ సంఘమే స్వతంత్రం. అయినా ఆస్తి తగాదాలకు వారూ అతీతులు కారు. కొత్తగా వెలుస్తున్న స్వతంత్ర ప్రార్థనా మందిరాల్లో చాలాచోట్ల ఒకే కుటుంబం కాపరీ, ధర్మకర్తా అవుతోంది. అక్కడ అడగడానికి నిబంధనావళి అయినా ఉండదు.

అసలు చిక్కంతా భూమి దగ్గరే ఉంది. మిషనరీలు వెళ్లిపోతూ వదిలిన బళ్లు, ఆస్పత్రులు, బంగళాల స్థలాలు ఇప్పుడు పట్టణాల నడిబొడ్డున ఉన్నాయి. సీఎస్ఐ ఆస్తులు కంపెనీల చట్టం కింద నమోదైన ట్రస్ట్ అసోసియేషన్ పేరిట ఉంటాయి, పల్లె సంఘానికి ఆ కాగితాలు కంటబడవు. గజం ధర పెరిగిన కొద్దీ పీఠం మీద ఆసక్తీ పెరిగిందంటే నిష్ఠూరమనిపించవచ్చు, అబద్ధం మాత్రం కాదు. పైగా ఈ ఆస్తులన్నీ క్రైస్తవులిచ్చినవే అనుకోవడం పొరపాటు. డాక్టర్ ఇసబెల్ కెర్ నడిపిన డిచ్‌పల్లి కుష్ఠు ఆస్పత్రికి నిజామాబాద్‌కు చెందిన రాజా నర్సా గౌడ్ చేయూతనిచ్చారు. అలాంటి దాతృత్వం మీద పెరిగిన సంస్థల బాగోగులు ఊరందరివీ.

ఇక సంఖ్యలో అధికులైన దళితులకు అధికారంలో దక్కిన వాటా సంగతి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల బాప్తిస్మంతో ఎస్సీ హోదా పోగొట్టుకుని, రాష్ట్రంలో బీసీ-సీ జాబితాలో మిగిలిన వీరికి న్యాయం చేయాలని చర్చి ప్రభుత్వాన్ని గట్టిగానే అడుగుతోంది, అడగాలి కూడా. కానీ హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ 2022లో కార్డినల్ (పోపు తర్వాతి ఉన్నత హోదా) అయ్యేదాకా ఈ దేశపు దళితుల్లో ఒక్కరికీ ఆ హోదా దక్కలేదు. ఢిల్లీని అడిగే నోటితోనే చర్చి తనను తాను అడగాల్సిన ప్రశ్న ఇది.

చేయాల్సినవి పెద్ద విప్లవాలేమీ కావు. నిబంధనావళిని తెలుగులో అచ్చువేసి ప్రతి పాస్టరేటుకు (ఒక పాస్టరు కింది సంఘాలు), విచారణకు అందజేయాలి. స్థలాల సర్వే నంబర్లు, లీజుల గడువులు, అద్దెలు గుడి నోటీసు బోర్డు మీద ఉండాలి. ఏటా పద్దును ఆరాధన ముగిశాక సంఘం ఎదుట చదవాలి. కౌన్సిల్ ఎన్నికలను సంఘంతో సంబంధం లేని విశ్రాంత న్యాయాధికారి చేతికి అప్పగించాలి. స్థలం అమ్మకానికి గానీ దీర్ఘకాలిక లీజుకు గానీ సంతకం పడేముందు, ఆ స్థలమున్న ఊరి సంఘం తీర్మానాన్ని తప్పనిసరి చేయాలి.