పానగల్లు గుడి నీడకు సమాధానం ఉంది

పొద్దున్నే "నేటి విశేషం" అని వచ్చే మెసేజుల్లో ఈ వారం నల్లగొండ పక్కనున్న మన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం వంతు వచ్చింది. మా బంధువుల గ్రూపులోనే ముగ్గురు పంపారు. సారాంశం ఇదీ: గర్భగుడి గోడ మీద పొద్దంతా కదలకుండా ఒక స్తంభం నీడ పడుతుంది, దానికి ఎదురుగా స్తంభమే లేదు, నాసా శాస్త్రవేత్తలు వచ్చి చూసి చేతులెత్తేశారు, కాకతీయులు కట్టించిన ఈ గుడి రహస్యం సైన్సుకు అందదు.

నేను నల్లగొండలో పుట్టి పెరిగినదాన్ని. శివరాత్రికి నాయనమ్మ చెయ్యి పట్టుకొని పోయిన గుడి అది. నీడ ఉంది, పొద్దంతా అక్కడే ఉంటుంది. అంతవరకు నిజం. మిగతావి ఒప్పుకోలేను.

ముందు "కదలదు" సంగతి. నీడ జరగాలంటే వెలుగు వచ్చే చోటు జరగాలి. ఆరుబయట వెలుగు నేరుగా సూర్యుడి నుంచి వస్తుంది కాబట్టి పొద్దుతో పాటు నీడా తిరుగుతుంది. ఆ గర్భగుడిలోకి ఎండ నేరుగా దూరదు. ఆకాశం నుంచి, బయటి నేల మీద పడి చెదిరిన ఎండ నుంచి వచ్చే వెలుగే మండపం సందుల్లోంచి లోపలికి చేరుతుంది. ఆ సందులు రాతి కట్టడంలోవి, ఎక్కడివి అక్కడే ఉంటాయి. సూర్యుడు తూర్పున ఉన్నా పడమట ఉన్నా లోపలికి వెలుగు వచ్చే దారి మారదు, అందుకే నీడా మారదు. వెలుగు తగ్గితే నీడ పలచబడుతుంది, పొద్దు గూకితే మాయమవుతుంది. మెసేజులో ఆ ముక్క రాయలేదు.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడొచ్చు. మా వెనక గది తలుపు ఉత్తరం దిక్కుకు ఉంది, చలికాలంలో దాని గుండా ఎండ పడదు. కిటికీలు మూసి, తలుపొక్కటే తెరిచి, తలుపుకెదురు గోడ దగ్గర స్టూలు మీద స్టీలు చెంబు పెట్టించాను. మా అన్న బిడ్డ తొమ్మిదింటికి ఒకసారి, పన్నెండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి చెంబు నీడ చుట్టూ సుద్దముక్కతో గీసింది. మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "అత్తా, ఇది మన ఇంట్ల గూడ అయితదా?" అని అడిగింది.

రెండోది, "ఎదురుగా స్తంభమే లేదు" అన్నది. చూసేవాళ్ళను నిజంగా తికమక పెట్టేది ఇదే. నీడకు సూటిగా ఎదురుగా స్తంభం లేని మాట వాస్తవమే. అయితే అది త్రికూటాలయం, అంటే ఒకే మండపం చుట్టూ మూడు గర్భగుళ్ళు. మండపం నడుమ స్తంభాలున్నాయి. ఎడమ సందు నుంచి వచ్చే వెలుగును ఎడమ వైపు స్తంభం అడ్డుకుంటుంది, కుడి సందు వెలుగును కుడి వైపు స్తంభం అడ్డుకుంటుంది. రెండు నీడలూ వెనక గోడ మీద ఒకేచోట కలిసినప్పుడు మనకు ఒక్క స్తంభం నీడలా కనిపిస్తుంది. రాత్రి రెండు ఫోన్ లైట్లు చెరో పక్క వెలిగించి, ఒక్కో దాని ముందు ఒక్కో నీళ్ళ సీసా నిలబెట్టి కొంచెం అటూ ఇటూ జరపండి. రెండు నీడలూ గోడ నడుమ ఒక్కటవుతాయి, ఆ నీడకు ఎదురుగా సీసా ఉండదు. మన జిల్లా ఫిజిక్స్ లెక్చరర్ ఒకాయన ఆ గుడికి నమూనా కట్టి ఎన్నడో చూపించారు కూడా. ఆ మాట మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

నాసా ముచ్చటకు ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఎవరొచ్చారు, ఏ సంవత్సరం వచ్చారు, ఏం కొలిచారు, ఒక్క వివరమూ ఇవ్వలేదు. గుడి పేరు మార్చి ఇదే వాక్యాన్ని దేశమంతా తిప్పుతున్నారు.

చివరి తప్పే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఈ గుడి కందూరు చోడుల కాలపుది, 11, 12 శతాబ్దాల నాటిది. కల్యాణి చాళుక్యులకు సామంతులుగా, పాలమూరు వైపు కందూరు పేరుతో పేరుపొందిన వంశం అది. పానగల్లు వాళ్ళకు రాజధాని. గుడి పక్కన మనం రోజూ చూసే ఉదయసముద్రం చెరువుకు ఆ పేరు ఈ వంశపు రాజు ఉదయచోడుడి వల్లే వచ్చింది. కాకతీయ రుద్రదేవుడు 1163లో హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గర వేయించిన శాసనంలో ఈ చోడుల ప్రస్తావన శత్రువులుగా వస్తుంది. వేయిస్తంభాల గుడి కూడా త్రికూటమే కావడంతో రెంటినీ ఒక గాటన కట్టేస్తున్నట్టున్నారు. కాకతీయుల గొప్పతనం వాళ్ళకుంది. కానీ ఓడినవాళ్ళ గుడిని గెలిచినవాళ్ళ ఖాతాలో రాస్తే కందూరు చోడుల పేరు వాళ్ళ సొంత ఊళ్ళోనే చెరిగిపోతుంది. చెరువు పేరులో తప్ప ఉదయచోడుడు మా పిల్లలకు ఎక్కడా కనబడడు.

ఆ నీడ కావాలనే అట్లా కుదిర్చారా, కట్టాక కనిపించిందా అని మా పిల్ల అడిగింది. దానికి నేను జవాబివ్వలేదు. ఆదివారం పానగల్లుకు పోతున్నాం, సుద్దముక్క మాత్రం ఇంట్లోనే పెట్టి రమ్మన్నాను.