నోరు మెదపకుండా విదేశీ భాష నేర్చుకోవడం ఎట్లా

విదేశీ భాష నేర్చుకోవడంలో ఉన్న పెద్ద ప్రమాదం ఏందంటే, కొంచెం ఏమారితే ఆ భాషలో మాట్లాడాల్సొస్తుంది. ఈ విషయంలో మన తిరుపతి పిల్లోళ్లు చాలా జాగ్రత్తగా ఉండారు, మెచ్చుకోవాల్సిందే. ఏ హాస్టల్ రూముకైనా పోయి చూడండి, ఫోన్లో భాషలు నేర్పే యాప్ డుయోలింగో, లాప్‌టాప్‌లో కార్డులు తిప్పి మాటలు గుర్తుపెట్టుకునే ఆంకీ, అందులో ఎవరో చేసిపెట్టిన వేల కార్డుల డెక్కులు, అంటే కట్టలు, టెలిగ్రాంలో దించిన పీడీఎఫ్‌లు, తర్వాత చూద్దామని దాచిన యూట్యూబ్ వీడియోలు, ఇన్ని సర్దుకునేసరికే తెల్లారిపోతుంది, ఇంక మాట్లాడే టైమెక్కడిది చెప్పండి.

డుయోలింగోలో రోజు తప్పకుండా పాఠం చేసిన రోజుల లెక్కని స్ట్రీక్ అంటారు, దానికి స్ట్రీక్ ఫ్రీజ్ అని ఒకటుంది. అది కొని పెట్టుకుంటే ఆ రోజు పాఠం ముట్టకపోయినా స్ట్రీక్ తెగదు. కాలేజీలో ప్రాక్సీ అటెండెన్స్ వేయించుకున్నోళ్లకి దీని గొప్పతనం నేను చెప్పక్కర్లేదు.

జర్మనోళ్లకే బొత్తిగా మర్యాద తెలీదు. గోథే అనే వాళ్ల భాషా సంస్థ పెట్టే బి1, బి2 అనే నడిమి మెట్ల పరీక్షల్లో చదవడం, వినడం, రాయడం చాలక మాట్లాడటం కూడా పెట్టారు, నర్సు ఉద్యోగానికి పోయే పిల్లలు రోగులతో మాట్లాడాలంట, ఏం చోద్యమో! జపానోళ్లు నయం. జేఎల్‌పీటీ అనే వాళ్ల భాషా పరీక్షలో ఎన్5 నుంచి ఎన్1 దాకా ఐదు లెవెల్స్, ఎక్కడా నోరు తెరవమనరు, వాక్యం రాయమనరు, ఆన్సర్ షీట్‌లో గుండ్రాలు దిద్దితే సరి. కాకపోతే జపనీస్‌లో కూడా మన మాదిరే క్రియ వాక్యం చివర్లో వస్తుంది, తెలుగోళ్లకి పొరపాటున వచ్చేసే అవకాశముంది, చూసుకోండి.

ఇంత క్రమశిక్షణ ఉన్న ఊర్లో గోవిందరాజస్వామి గుడి దగ్గర దేవుడి పటాలు అమ్మే అక్క చేసే పని చూడండి. తమిళోళ్లొస్తే వాంగ, కన్నడమోళ్లొస్తే బన్ని, మరాఠీ వాళ్లకి యా భావూ, బేరం హిందీలో, పక్క అంగిడోణ్ణి తిట్టేది మాత్రం అచ్చ తెలుగులో. తప్పు మాట్లాడితే కొనేటోళ్లే నవ్వి సరిచేస్తారు, ఈమె కూడా నవ్వి అదే మాట ఇంకొకరి మీద వాడేస్తుంది, సిగ్గు లేకుండా! స్ట్రీక్ లేదు, డెక్ లేదు, చేతిలో మొదటి మెట్టు ఎ1 పాసైన కాయితం కూడా లేదు. అవి విదేశీ భాషలు కాదు కదా అంటారేమో, మొన్న ఫ్రాన్స్ నుంచి వచ్చినోళ్లకి కూడా రెండు పటాలు అంటగట్టింది.

దీన్ని ఇట్లాగే వదిలేస్తే చదువుకున్నోళ్ల పరువేం కావాలి? అందుకని నా డిమాండ్ ఒకటే, ముందు ఆమె బేరం ఆపించి ఫోన్లో యాప్ దించుకోమనాలి. స్పేస్ లేదంటే మనవళ్ల ఫొటోలు డిలీట్ చేయమనండి.