ఎస్‌ఓపీ గారికి ఒక గుమస్తా విన్నపం

మహారాజశ్రీ స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ గారికి, గుంటూరు మిరపయార్డులో ఒక కమిషన్ కొట్టు గుమస్తా నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి.

తమరిని అందరూ ఎస్‌ఓపీ అంటారు. విదేశీ కాలేజీలో సీటు అడిగేవాడు ఈ చదువు తనకెందుకో రాసిచ్చే కాగితం తమరు. తెలుగులో చెప్పమంటే ఆశయ పత్రం అంటారు. మా అబ్బాయి కోసం తమరు బ్రాడీపేటలో ఒక కన్సల్టెన్సీ రెండో అంతస్తులో అవతరించారు. తమరితో ఇన్నాళ్లూ నాకు ముఖపరిచయం లేదు. మొన్న బ్యాంకు వడ్డీ కాగితం కోసం బీరువా వెతుకుతుంటే మావాడి పాత ఫైలులో దొరికారు. రెండు పేజీలు. నా ఇంగ్లీషు తక్‌పట్టీలనే అమ్మకం బిల్లులకు, లారీ రసీదులకు సరిపోయేంత మాత్రమే. అయినా ఒక్కో వరుస కింద వేలు పెట్టుకుని చివరిదాకా చదివాను. చదివి, వంటింట్లో ఉన్న మా ఆవిడను పిలిచి అడిగాను: "మనకు మిరపచేను ఎక్కడుందే?"

మా నాన్నకు ప్రత్తిపాడు దగ్గర ఎకరంన్నర ఉండేది. మా చెల్లెలి పెళ్లికి అమ్మేశాడు. అప్పటికి మావాడు పుట్టనే లేదు. కానీ తమరి మొదటి పేరాలో వాడు నా వేలు పట్టుకుని మా చేలో తిరిగాడు. 2021లో నల్ల తామర పురుగు మా పంటను తినేస్తే గట్టు మీద కూర్చుని ఏడ్చాడు. ఆ కన్నీళ్లే వాడిని మెషీన్ లెర్నింగ్ వైపు నడిపించాయట.

ఆ ఏడాది పురుగు వచ్చిన మాట నిజం. రైతులు ఏడ్చిన మాట కూడా నిజం. పూతలోనే పురుగు చేరి కాయ నిలవకపోతే, అప్పు చేసి కొట్టిన మందుల లెక్క చెప్పుకుంటూ మా కొట్టు అరుగు మీద కూర్చున్నవాళ్లను నేను చూశాను. ఆ రోజుల్లో మావాడు ఆన్‌లైన్ పాఠాలు పెట్టుకుని, ఫోనును దిండుకు ఆనించి, దాని ఎదురుగా నిద్రపోయేవాడు. వాడు దగ్గరగా చూసిన ఏకైక మిరపమొక్క మా డాబా మీద పాత రంగు డబ్బాలో ఉంది. దానికీ నీళ్లు పోసింది వాళ్లమ్మే.

అలాగని తమరిని తప్పుపట్టడం లేదండీ. ఎంతైనా ఒకే వృత్తిలో ఉన్నవాళ్లం. మా యార్డులోనూ కొన్ని బస్తాలకు పైన ఎర్రటి తేజ రకం కాయ మెరుస్తుంటుంది, అడుగున తాలు కాయ ఉంటుంది. అందుకే మేం పైపైన చూసి ధర కట్టం. మూతి విప్పి, మోచేతిదాకా లోపలికి పోనిచ్చి, పిడికెడు తీసి వెలుతురులో చూస్తాం. మావాడి మూడు బ్యాక్‌లాగులు తమరి అడుగున ఎక్కడున్నాయా అని నేనూ అలాగే వెతికాను. "సవాళ్లు నాకు నేర్పిన పట్టుదల" అనే పేరాలో దొరికాయి. మెచ్చుకోకుండా ఉండలేకపోయాను. తాలును తేజ ధరకు అమ్మిన మొనగాడిని ఈ యార్డులో ఇంతవరకు చూడలేదు.

ఇంకో సంగతి. మా పక్కింటి ఎల్‌ఐసీ ఏజెంటు కొడుకూ అదే కన్సల్టెన్సీలో చేరాడు. ఆ పత్రం కూడా తెప్పించుకుని చూశాను. అదే గట్టు, అవే కన్నీళ్లు. మిరప తీసి పసుపు పెట్టారు, గుంటూరు తీసి దుగ్గిరాల పెట్టారు, అంతే. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. చైనాను దాటిపోయామని పేపర్లన్నీ రాశాయి. అందులో గుంటూరు జిల్లా వాటా ఎంతో గానీ, వాళ్లందరి తరఫునా తమరు ఎండబెట్టిన పంటలను తలుచుకుంటే ఆ ఏడాది కోల్డ్ స్టోరేజీల్లో సరుకు ఎక్కడినుంచి వచ్చిందా అనిపిస్తుంది.

ఆశయం అంటే అసలు సంగతి నన్నడిగితే అరపేజీలో రాసి ఇచ్చేవాణ్ణి. కాలేజీలో ఉండగానే వాడికి ఉద్యోగం ఇస్తామని కాగితం వచ్చింది. ఎప్పుడు చేరాలో చెప్పే కాగితం మాత్రం రాలేదు. నెలల తరబడి వాడు మెయిల్ చూసుకోవడం, వాళ్లమ్మ వాడి ముఖం చూడటం. ఏ పెళ్లికి వెళ్లినా "అబ్బాయి బయట ఉన్నాడా?" అనే ప్రశ్న. బయట అంటే వాకిట్లో అని కాదు. ఇక నా ఆశయం కూడా చెప్పుకోవాలి కదా. మా పక్క కొట్టు గుమస్తా కూతురు డాలస్‌లో చేరిన మర్నాటినుంచి షావుకారు అతనికి కుర్చీ వేయించడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్లుగా నేను బస్తా మీదే కూర్చున్నాను. ఆ కుర్చీ సంగతి తమరిలో ఏ పేరాలోనూ లేదు.

ఇక అసలు చిక్కు. ఒకే వారంలో మావాడు రెండు చోట్ల రెండు మాటలు చెప్పాల్సి వచ్చింది. బ్యాంకులో ఇంటి కాగితాలు పెట్టి 40 లక్షలు అడిగాం. మేనేజరు గారు కాలిక్యులేటర్ నొక్కి, అక్కడ ఉద్యోగం వస్తే నెలకు ఇన్ని డాలర్లు, ఇన్నేళ్లలో తీరిపోతుంది అన్నారు. అంటే తిరిగొస్తే అప్పు తీరదు. ఆ తరువాత నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేట్. అక్కడి చట్టంలో 214(బి) అని ఒక సెక్షన్ ఉంది. వచ్చిన ప్రతివాడూ అక్కడే ఉండిపోవాలని వచ్చాడనే అనుకోవాలి, కాదని నిరూపించుకునే బాధ్యత వాడిదే. అంటే ఉండిపోతానంటే వీసా రాదు. వీసా బాలాజీ అని పేరున్న చిలుకూరు గుడిలో 11 ప్రదక్షిణలు చేసేటప్పుడు స్వామికి ఈ రెండిట్లో ఏది చెప్పాలో తెలియక ఊరికే తిరిగాం. అద్దానికి అవతల ఉన్న అధికారి "చదువయ్యాక ఏం చేస్తావు?" అన్నాడట. మావాడు తమరి చివరి పేరా అప్పజెప్పాడు: స్వదేశానికి తిరిగివచ్చి గుంటూరు మిరప రైతుల సేవలో... ఆ వాక్యం పూర్తికాకముందే వీసా ఇచ్చేశారు. మళ్లీ చిలుకూరు వెళ్లి 108 తిరిగాం. ఈసారి ఏం చెప్పాలో తెలిసింది.

2024 ఆగస్టులో శంషాబాద్‌లో విమానం ఎక్కాడు. టెక్సాస్‌లో రెండు గదుల ఇంట్లో ఆరుగురు ఉంటారు. తెనాలి, చీరాల, నరసరావుపేట, ఇంకెక్కడెక్కడో. సాంబారు ఎవరి పద్ధతిలో పెట్టాలన్నదే అక్కడ అంతర్జాతీయ సమస్య. సెమిస్టరు నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. మావాడు భోజనశాలలో కూరగాయలు తరుగుతాడు. చదువయ్యాక అక్కడే ఉద్యోగం చేసుకోవడానికి ఓపీటీ అనే అనుమతి 12 నెలలు, ఇంజనీరింగ్‌ వాళ్లకు ఇంకో 24. ఆ తరువాత హెచ్-1బి అనే ఉద్యోగ వీసాకు లాటరీ. అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు విడిగా ఉంచిన 20,000 కలిపి ఏడాదికి 85,000 వీసాలు. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము అని ప్రకటన వచ్చిన రోజు వాడు రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లూ వాళ్లమ్మతో కాకరకాయ వేపుడు గురించే మాట్లాడాడు.

ఇక్కడ ఒకటి తమరికి చెప్పకపోతే పాపం. పోయిన నెల తెల్లవారుజామున అయిదింటికి ఫోన్ మోగింది. భోజనశాలలో పచ్చిమిర్చి బుట్టలు వచ్చాయట. చేతికి తొడుగు వేసుకోకుండా గంటసేపు తరిగాడట. "నాన్నా, చేతులు మండిపోతున్నాయి. యార్డులో మీరు ఏం చేస్తారు?" అన్నాడు. ఇరవై నాలుగేళ్లలో వాడు యార్డు గురించి నన్నడిగిన మొదటి ప్రశ్న అది. నూనె పట్టించి, కాసేపాగి సబ్బుతో కడుక్కోమన్నాను. ఆ చేత్తో కళ్లు తుడుచుకోవద్దన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు మంచం మీదే కూర్చున్నాను. తమరు అల్లిన మిరపకాయ అనుబంధం ఎట్టకేలకు మొదలైంది, గుంటూరులో కాకుండా టెక్సాస్‌లో.

కాబట్టి చిన్న మనవి. వచ్చే మే నెలలో వాడి చదువు అయిపోతుంది. తమరి చివరి పేరాలో తిరిగొస్తాడని ఉంది గానీ తేదీ లేదు. బ్యాంకు వారు మాత్రం మాకిచ్చిన కాగితంలో తేదీలన్నీ వేశారు. మా యార్డులో కొత్త కాయ జనవరినుంచి దిగుతుంది. ఏప్రిల్ దాకా ఊపిరాడదు, కాటా దగ్గర లెక్క రాసే మనిషి చాలడు. సేవకు వచ్చేది ఆ రోజుల్లోనే అయితే ముందుగా ఒక కబురు పంపండి. షావుకారుతో చెప్పి ఉంచుతాను. కుర్చీ నాది ఇస్తాను.

ఇట్లు,
తమరి రెండో పేజీలో "ప్రగతిశీల రైతు"గా నమోదైన
గుమస్తా