కొత్తవాళ్లకు "పాతది వదిలెయ్" అని చెప్పకండి

రెండుసార్లు యానిమే (జపనీస్ యానిమేషన్ సిరీస్)గా వచ్చిన ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడగడమే ఆలస్యం, అందరిదీ ఒకటే జవాబు: "బ్రదర్‌హుడ్ చూడు, 2003ది వదిలెయ్, అది మాంగాని ఫాలో అవ్వలేదు." మాంగా అంటే వీటికి మూలమైన జపనీస్ కామిక్. ఈ మాట విన్నప్పుడల్లా నాకు నిజంగా బాధేస్తుంది. మాంగాలో ఉన్నది ఉన్నట్టు తీస్తేనే మంచి యానిమే అని ఎవరు తేల్చారు? (స్పాయిలర్లున్నాయి, చూడనివాళ్లు ఇక్కడే ఆగండి.)

2003 అక్టోబరులో మొదటి యానిమే వచ్చేనాటికి హిరోము అరకావా మాంగా ఇంకా నడుస్తోంది. అది పూర్తయింది 2010లో. అందుకే బోన్స్ స్టూడియో కొంతదూరం మాంగాతో నడిచి, ఆ తర్వాత సొంత కథతో 51 ఎపిసోడ్లు పూర్తి చేసింది. 2009లో అదే స్టూడియో మళ్లీ మొదటినుంచి ఎత్తుకుని, మాంగా ముగింపుదాకా 64 ఎపిసోడ్లలో చెప్పింది. అదే బ్రదర్‌హుడ్. అయితే మొదటి సిరీస్‌లో వచ్చేసిన భాగాన్ని ఇందులో పరుగులు పెట్టించారు. మాంగాలో మొదట్లోనే వచ్చే యూస్‌వెల్ బొగ్గు గని కథని ఎప్పుడో ఓ ఫ్లాష్‌బ్యాక్‌లో తేల్చేశారు. మాంగా ఎక్కడా అంత తొందరపడలేదు. మరి ఫాలో అవ్వడమంటే ఏంటి?

కథలో సైనికాధికారి మేస్ హ్యూస్ సంగతే తీసుకోండి. మాంగాలో అతని అంత్యక్రియల సీన్ నాకు ఎప్పటికీ మర్చిపోలేనిది. నాన్నని ఎందుకు పూడ్చేస్తున్నారు, నాన్నకి చాలా పనులున్నాయి కదా అని అతని చిన్నారి కూతురు ఎలిసియా ఏడుస్తుంది. అందరూ వెళ్లిపోయాక హ్యూస్ స్నేహితుడు కల్నల్ మస్టాంగ్ టోపీ పెట్టుకుని, వాన పడుతోందంటాడు. లేదే అనబోయి, అతని కింద పనిచేసే హాకై అతని ముఖం చూస్తుంది. చెంప మీద నీటి చార. అవును, పడుతోంది అంటుంది. బ్రదర్‌హుడ్‌లోనూ ఈ సీన్ బాగా తీశారు. కానీ అది 10వ ఎపిసోడ్! హ్యూస్‌తో మనకి పరిచయమే సరిగా కాలేదు. 2003లో అతను 25వ ఎపిసోడ్ దాకా ఉంటాడు. కథానాయకులైన అన్నదమ్ములు ఎడ్వర్డ్, అల్ఫోన్స్ హ్యూస్ ఇంట్లో ఉండగానే అతని భార్యకి నొప్పులొస్తాయి, ఎలిసియా పుడుతుంది. తర్వాత ఆ పాప ఫొటోలు కనిపించినవాళ్లందరికీ చూపించి ప్రాణం తీస్తుంటే నవ్వుకుంటాం. అన్నాళ్లు మనింటి మనిషిలా తిరిగినవాడు పోయాడంటే ఆ దెబ్బే వేరు.

ఇక మార్చినవాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది హోమున్‌క్యులస్‌ల (ఆల్కెమీతో, అంటే రసవాదంతో పుట్టిన కృత్రిమ మనుషుల) పుట్టుక. మాంగాలో వాళ్లు ఫాదర్ అనే అసలు విలన్ తనలోంచి తీసి బయటపెట్టిన దుర్గుణాలు. 2003లో అలా కాదు. చచ్చిపోయినవాళ్లని వెనక్కి తేవాలని మనుషులు చేసిన ప్రయోగాలు బెడిసికొట్టి పుట్టినవాళ్లు. అంటే ఈ అన్నదమ్ములు చనిపోయిన అమ్మ కోసం చేసిన ప్రయోగంలోంచి కూడా ఒకరు పుట్టారు. ఆమే స్లాత్. అచ్చం అమ్మ ముఖంతో వచ్చి ఎదురుగా నిలబడుతుంది. ఆమె ఒళ్లు నీరుగా మారుతుంది కాబట్టి, ఎడ్వర్డ్ ఆ నీటిని ఆల్కహాల్ చేసి ఆవిరైపోయేలా చేస్తాడు. అంటే అమ్మ ముఖం చూస్తూ ఆ పని చేయాలి. విలన్‌ని కొట్టడం వేరు, ఇది వేరు. మాంగాలో లేని ఈ ఆలోచన, పోయినవాళ్లని వెనక్కి తేవాలనుకుంటే ఏమవుతుందని మాంగా అడిగిన ప్రశ్ననే ఇంకా లోతుకి తీసుకెళ్లిందని నా గట్టి నమ్మకం.

2003 ముగింపు నాకూ అంతగా నచ్చలేదు. కథని మన ప్రపంచంలోకి లాక్కురావడం అతికినట్టు లేదు, 2005లో వచ్చిన సినిమా కూడా దాన్ని సరిచేయలేదు. ఆఖరి యుద్ధం విషయంలో బ్రదర్‌హుడ్‌కి సాటి లేదు. అక్కడ చిన్న పాత్రకి కూడా ఒక పని ఉంటుంది.

కాబట్టి కొత్తగా అడిగేవాళ్లకి ముందు 2003ది చూడమనే చెప్పండి. 51 చూసే ఓపిక లేకపోతే కనీసం 25 దాకా అయినా చూడమనండి. తర్వాత బ్రదర్‌హుడ్‌కి వస్తే ఆ మొదటి పది ఎపిసోడ్ల హడావుడి పెద్దగా ఇబ్బంది పెట్టదు, హ్యూస్ ఎవరో వాళ్లకి అప్పటికే తెలుసు.