సస్పెన్షన్ నిబంధన గారికి

బాకు రేసు మర్నాడు, జూన్ 13, 2022

మహారాజశ్రీ ఫార్ములా వన్ రేసు కార్ల సస్పెన్షన్ (చక్రాల కుదుపు మింగే ఏర్పాటు) నిబంధన గారి సముఖానికి,

నిన్న రాత్రి నిద్ర పట్టలేదండి. రేసు ఉత్కంఠ వల్ల కాదు. రెండు ఫెరారీలూ మధ్యలోనే ఆగిపోయి రెడ్ బుల్ జట్టు వెర్‌స్టాపెన్ తీరిగ్గా గెలిస్తే ఉత్కంఠ ఎక్కడిది? హామిల్టన్ కారు దిగిన తీరు కళ్లలోంచి పోవడం లేదు. ఏడుసార్లు చాంపియన్ అయిన మనిషి నడుం పట్టుకుని లేవలేక లేచాడు.

ఈ ఏడాది తమరొచ్చి హైడ్రాలిక్ సస్పెన్షన్ వద్దన్నారు, చక్రాల ఊపును అణిచే ఇనర్టర్లు వద్దన్నారు, మామూలు స్ప్రింగులూ డాంపర్లూ (అవే, షాక్ అబ్జార్బర్లు) చాలన్నారు. ఖర్చు తగ్గి, జట్ల మధ్య తేడా తగ్గి, పోటీ రంజుగా ఉంటుందన్నారు. 8 రేసులయ్యాయి. 6 రెడ్ బుల్‌కి, 2 ఫెరారీకి. మిగతా ఎనిమిది జట్లకు మీ సరళత్వం ఇంకా అందినట్టు లేదు.

అదీ పోనివ్వండి. అదే ఏడాది కార్ల కింద, గాలి పారి కారును నేలకు గుంజే సొరంగాలు పెట్టారు కదా! కారు ఎంత కిందికుంటే అంత పట్టు. మరీ కిందికి దిగితే గాలి ఆడక పట్టు వదిలేసి పైకి లేస్తుంది. లేవగానే గాలి ఆడి మళ్లీ నేలకు గుంజుకుంటుంది. బాకు మెయిన్ స్ట్రెయిట్ రెండు కిలోమీటర్ల పైమాటే. ఆ పొడవునా హెల్మెట్లు డబడబా ఊగుతూనే ఉన్నాయి. ఆ ఊపును అణచగలిగే సామానునే తమరు ఏరి ఏరి నిషేధించారు. పక్కగోడలు ఎత్తుగా ఉండి కుదుపు మింగే టైర్లు కూడా పోయి 18 అంగుళాల చక్రాలొచ్చాయి. ఇక మిగిలిన సస్పెన్షన్ ఏదయ్యా? డ్రైవర్ వెన్నెముక!

నొప్పిగా ఉంటే కారు ఎత్తు పెంచుకోమంటున్నారు. పెంచితే వేగం పోతుంది. ఏ ఇంజినీరు పెంచుతాడు, నీ మొహం?

1994లో యాక్టివ్ సస్పెన్షన్‌ని తీసేశారంటే అర్థముంది. కారును కంప్యూటర్ కాదు, మనిషి నడపాలన్నారు. నువ్వు ఆ మనిషి నడుమే విరగ్గొడుతున్నావు.

బహ్రెయిన్ రేసులో ఫెరారీ లెక్లెర్, వెర్‌స్టాపెన్ ఒకరినొకరు దాటుకుంటుంటే నేనూ కుర్చీలోంచి లేచాను, ఒప్పుకుంటా. కానీ వెనకాల కారు అంత దగ్గరికి రాగలిగిందంటే అది కారు రెక్కలూ అడుగుభాగమూ మార్చినందుకు. సొమ్మొకడిది, సోకు నీది. (ముందు కారును దాటడానికి వెనక రెక్క తెరిచే డీఆర్ఎస్ గారికి విడిగా రాస్తాను, ఆయన సంగతి వేరే ఉంది.)

వచ్చే ఆదివారం మాంట్రియల్ రేసు. అక్కడి ట్రాక్ అంచు గట్లు, అదే కెర్బులు, తమరికి తెలియనివి కావు. కనీసం ఆ ఇనర్టర్‌నైనా వెనక్కి పిలిపించండి.

ఇట్లు,
టీవీ ముందు కూర్చుని తన నడుం తడుముకుంటున్న ఒక అభిమాని